ఫింటన్ కోసిన గోడ

వచ్చే చలికాలం నుంచి మఠంలో చమురు పొయ్యిలు వెలుగుతాయని తెలిసిన రోజు ఫింటన్ భోజనం ముట్టలేదు.

ఐర్లండ్ పడమటి అంచున, ఊబినేలను ఆనుకుని ఉండేది ఆ మఠం. ఆ వైపు చెట్లు తక్కువ. అక్కడివాళ్లకి నేలే వంటచెరుకు. ఊబి పైనున్న పచ్చిక చెక్కల్ని తీసి పక్కన పెట్టి, కింద నల్లగా మెత్తగా ఉండే మట్టిని ఇటుకల్లా కోసి గాలికి ఆరబెడితే, అది చలికాలమంతా కట్టెలాగే మండుతుంది. తాతల నాటి నుంచి అందరూ అలాగే చలి కాచుకున్నారు. ఇప్పుడు ఊళ్లో కోసేవాళ్లు లేరు, ఉన్న ఒకరిద్దరికి నడుములు వంగవు. అందుకే మఠం పెద్దలు ఈ వేసవితో కోత ఆపేద్దామన్నారు.

అందరికీ అది ఒక కబురు. ఫింటన్‌కి మాత్రం పిడుగు. మఠానికి వచ్చినప్పుడు అతనికి పార పట్టుకోవడం కూడా రాదు. మఠంలోని ముసలి ఫాదర్ ఓరన్ నేర్పాడు. మొదట్లో ఫింటన్ కోసిన పెళ్లలు ఆరకముందే ముక్కలయ్యేవి. ఆ ముసలాయన ఒక్క మాట అనేవాడు కాదు. పార చేతికిచ్చి మళ్లీ కొయ్యమనేవాడు. అలా కోయగా కోయగా, ఆ చుట్టుపక్కల ఫింటన్‌ని మించిన చెయ్యి లేదనిపించుకున్నాడు. ఆ సంగతి అందరికంటే ముందు ఫింటన్‌కే తెలుసు.

"ఇంత విద్య నేర్పించి, ఇప్పుడు దీన్ని నాతోనే పాతిపెట్టమంటారా ఫాదర్?" అని అడిగాడు.

"ఈ వేసవి ఇంకా మిగిలే ఉందిగా. పద, కోద్దాం," అన్నాడు ఓరన్.

కోశారు. ఫింటన్ మాత్రం మనసులో ఒకటి పెట్టుకుని కోశాడు. ఒక పక్కకి రెక్క తిరిగిన సన్నటి పార అతనిది. వెన్నలో చాకు దిగినట్టు దిగేది. కోత ముగిసే రోజుకి, కోసిన గుంటకి ఒక పక్కన నేలే నిలువెత్తు నల్లటి గోడలా తేలింది. ఒక్క వంకర లేదు. పార దిగిన ప్రతి గుర్తూ పక్కదానికి తోడుగా వరసలో ఉంది. అలాంటి గోడ ఆ ఊబిలో ఎవరూ చూసి ఉండరు.

అయితే కోత అయిపోగానే పని అయిపోయినట్టు కాదు. పక్కన పెట్టిన పచ్చిక చెక్కలన్నీ తెచ్చి, కోసిన గుంటలో గడ్డి పైకి ఉండేలా పరిచి, సందుల్లేకుండా తొక్కాలి. గోడ అంచును వాలుగా కొట్టి దాని మీద కూడా కప్పాలి. ఏటా చేసేదే. ఫింటన్‌కి అది ఎప్పుడూ విసుగు పనే, అయినా చేసేవాడు. ఈసారి పార భుజాన వేసుకుని నిలబడిపోయాడు.

"ఇప్పుడు కప్పొద్దు ఫాదర్. ఇలాగే వదిలేద్దాం."

"ఎందుకు?"

"రేపు ఎవరో ఒకరు ఇటు వస్తారు, చూస్తారు. ఇక్కడ మనుషులు ఇలా బతికారని, చేతులతో ఇంత పని చేశారని ఈ గోడ చెబుతుంది. కప్పేస్తే మనం ఉన్నామన్న గుర్తే ఉండదు." అతని బాధలో నటన ఏమీ లేదు.

ఓరన్ గోడ దగ్గరికి వెళ్లి, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా అరచేత్తో నిమిరాడు.

"బాగా కోశావు. నా చేతుల మీదుగా ఇలాంటిది ఒక్కటి కూడా రాలేదు," అన్నాడు.

ఆ మాట కోసం ఫింటన్ ఏళ్ల తరబడి ఎదురుచూశాడు. కళ్లు చెమర్చాయి. తన మాట నెగ్గిందనే అనుకున్నాడు.

ముసలాయన చేతులు తుడుచుకుని, "నాతో ఒకసారి రా," అన్నాడు.

ఇద్దరూ కొంత దూరం నడిచారు. అక్కడ ఊదారంగు పూల పొదలు మోకాళ్ల దాకా పెరిగి ఉన్నాయి. పొదల మధ్య నాచు మెత్తగా, కాలు పెడితే నీళ్లు ఊరేలా ఉంది. వీళ్ల అడుగుల చప్పుడికి ఒక పిట్ట లేచి, కాస్త అవతల వాలింది.

"చూసి చెప్పు. ఇక్కడ కోసింది ఎవరు?" అని అడిగాడు ఓరన్.

పార గుర్తు ఎంత పాతదైనా ఫింటన్ కన్ను దాటిపోదు. మోకాళ్ల మీద కూర్చుని పొదలు పక్కకి తీసి చూశాడు. నాచులో చెయ్యి పెట్టి అంచు కోసం తడిమాడు. లేచి నిలబడ్డాడు.

"ఎవరూ కొయ్యలేదు ఫాదర్. ఇది పార తగలని నేల."

"మా గురువుగారు కోశారు," అన్నాడు ఓరన్. "ఇక్కణ్ణుంచి ఆ మడుగు దాకా ఆయనదే. నేను పక్కన నిలబడి పెళ్లలు అందుకున్నాను."

ఫింటన్ మడుగు వైపు చూశాడు. తర్వాత తన కాళ్ల కిందికి చూసుకున్నాడు.

తిరిగి వచ్చాక మొదటి పచ్చిక చెక్క ఎత్తింది ఫింటనే. గడ్డి పైకి ఉందో లేదో చూసుకుని మరీ పరిచాడు. నల్లటి గోడ అంచును తన పారతోనే వాలుగా కొట్టాడు. పొద్దు వాలేసరికి గుంటంతా పచ్చగా ఉంది.

పారలు కడుగుతుండగా ఫింటన్ అడిగాడు.

"మీ గురువుగారికి నేర్పిన ఆయన ఎక్కడ కోశారు ఫాదర్?"

"ఆయన ఇంకా గొప్ప పనివాడట," అన్నాడు ఓరన్. "ఆ చోటు ఎంత వెతికినా నాకు దొరకలేదు."