పది నిండు చట్రాలు

ఒక రాజుగారికి సముద్రం అడుగున పచ్చిక బయలు ఉండేది. రొయ్య పిల్లలు అందులోనే పెరిగేవి, తాబేళ్లు అందులోనే మేసేవి, ఒడ్డునున్న వాళ్ల కూర కుండలన్నీ దాని పుణ్యానే ఉడికేవి. ఆ పచ్చిక బాగుందో లేదో ఏటేటా చూసి చెప్పడానికి రాజుగారు ఒక కొలతలాయనను పెట్టుకున్నారు.

పద్ధతి తేలికే. తాడు కట్టిన ఇనప చట్రాన్ని పడవలోంచి వెనక్కి తిరిగి విసరాలి. అది పడ్డచోట నీళ్లలోకి దిగి, చట్రం లోపల గడ్డి ఎంత ఉందో చూడాలి. అలా పదిసార్లు. వెనక్కి తిరగడం ఎందుకంటే, కళ్లు ఎప్పుడూ పచ్చగా ఉన్నచోటే వాలతాయి గనక.

కొలతలాయన నియమం తప్పే మనిషి కాడు. ఒక్కసారైనా ఓరకంట చూసి ఎరగడు. కాకపోతే చట్రం ఉత్త ఇసుకలో పడితే మాత్రం "గురి తప్పింది" అని లాగి మళ్లీ విసిరేవాడు. తనను గడ్డి చూడమన్నారు గానీ ఇసుక చూడమనలేదు కదా అని ఆయన ధీమా. ఆ ధీమాతోనే ఇరవయ్యేళ్లుగా ఏటా పది నిండు చట్రాలని చెప్పాడు, ఏటా శాలువా కప్పించుకున్నాడు.

ఆ ఏడు ఆయన మరీ హుషారుగా ఉన్నాడు. పచ్చిక నిండుగా ఉందని తేలితే దాని మీద పెద్ద ఓడలను లంగరు వేసుకోనిస్తామని రాజుగారు చాటింపు వేయించారు. ఓడలొస్తే రేవుకు కళ వస్తుంది, తన శాలువాకు జరీ వస్తుంది.

ఆయన పడవ నడిపే ఆమెకు ఆ హుషారు లేదు. ఇరవయ్యేళ్లుగా తెడ్డు ఆమెదే. పొద్దు నడినెత్తికొచ్చేసరికి ఆరు చట్రాలే అయ్యాయి.

"ఇంకెన్ని తూర్లు ఇసురుతావయ్యా?" అందామె.

"గురి కుదరడం లేదు. వయసు మీదపడింది నాకు."

"నాకూ పడిందిలే. మొదటి ఏడు గురుతుందా? చద్దికూడు ఏళకే ఇంటికి పోయినాం. పోయినేడు పగటి కూడు పడవలోనే తిన్నాం. ఈ ఏడు రెండు పూటలకీ కట్టుకొచ్చినా."

"కూడు బాగుంది గదా, ఇంకేం?"

"కూడు బాగానే ఉంది. కూరలో రొయ్య ఏదీ?"

ఆయన గిన్నెలో వేలు పెట్టి కెలికాడు. అన్నీ వంకాయ ముక్కలే.

పదో నిండు చట్రం దొరికేసరికి సూర్యుడు నీళ్లను తాకుతున్నాడు. ఒడ్డుకు చేరాక ఆమె తెడ్డు కింద పెట్టింది. దాని పిడి ఎర్రగా తడిసి ఉంది. ఇరవయ్యేళ్లు కాయలు కాసిన అరచేతులు బొబ్బలెక్కి చిట్లిపోయాయి. కొలతలాయన ఆ చేతుల వంక చూశాడు. గురి తప్పిందంటూ తాను లాగేసిన చట్రాలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. చాలా సిగ్గేసింది.

"రేపు నువ్వూ కొలువుకు రావాలి," అన్నాడు.

"నేనెందుకు సామీ? కొలిచింది నువ్వు గదా."

"నేను కాదు," అన్నాడాయన.

మర్నాడు రాజుగారు ఎదుట ఓడల అనుమతి పత్రంతో, ముద్రికను సిరాలో ముంచి పట్టుకుని కూర్చున్నారు. పక్కనే జరీ శాలువా మడతపెట్టి ఉంది.

"పచ్చిక ఎలా ఉంది?"

"పది చట్రాలూ నిండుగానే ఉన్నాయి ప్రభూ. ఆ మాట ఇరవయ్యేళ్లుగా చెబుతున్నదే. ఈసారి ముద్ర వేసేముందు ఈమె చేతులొకసారి చూడండి."

ఆమె బెరుగ్గా అరచేతులు చాపింది.

"మొదటి ఏడు ఈ పదింటి కోసం వీటికి చెమటైనా పట్టలేదు," అన్నాడు కొలతలాయన.

రాజుగారు చూశారు. చాలాసేపు చూశారు. మంత్రి రెండుసార్లు దగ్గినా తల ఎత్తలేదు. బయట రేవులో ఓడలవాళ్లు కబురు కోసం నిలబడే ఉన్నారు. ముద్రిక మీద సిరా మెల్లగా ఆరిపోయింది.