ముప్పై ఆరు గడియారాల విరూపాచారి

అనగనగా, ఏడు సముద్రాల ఆవల కాదు, ఒక్క ఏటికి ఈవలే, వెల్లంకిరేవు అనే ఓడల పట్నం ఉండేది. ఆ పట్నంలో విరూపాచారి అనే గడియారాల పనివాడు ఉండేవాడు.

అతడి ఇంటి నిండా గడియారాలే. అన్నీ పాతకాలపువి, నిలువెత్తువి. ఒక్కొక్కదాని కింద గొలుసుకు ఒక సీసపు గుండు వేలాడుతూ ఉండేది. ఆ గుండు తన బరువుకు తానే మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. అది దిగుతున్నంతసేపూ చక్రాలు తిరుగుతాయి, ముళ్ళు నడుస్తాయి, గంట మోగుతుంది. గుండు నేలకు ఆనిందా, గడియారం ఆగిపోతుంది. అందుకని రోజూ ఎవరో ఒకరు గొలుసు లాగి దాన్ని మళ్ళీ పైకి ఎత్తాలి.

వెనుకటి రోజుల్లో దూరదేశాల నుంచి ఓడల మీద వచ్చాయవి. తరవాత చిన్న పెట్టె గడియారాలు వచ్చాయి. వారానికొకసారి తాళంచెవి తిప్పితే చాలు. "రోజూ ఈ గుండ్లెవరు ఎత్తుతారమ్మా!" అని జనం పాతవాటిని గాదెల వెనక పడేశారు. కొన్నింటి పెట్టెల్లో కోళ్ళు గుడ్లు పెట్టుకున్నాయి.

విరూపాచారి అలాంటివాటిని వెతికి వెతికి తెచ్చుకునేవాడు. చింతపండుతో తోమి ఇత్తడికి పట్టిన చిలుము వదిలించేవాడు. అరిగిన చక్రం పంటిని ఆకురాయితో దిద్దేవాడు. కోడి ఈకతో నూనె చుక్క అద్దేవాడు. చివరికి లోలకాన్ని వేలితో కొంచెం కదిపి, చెవి ఆనించి వినేవాడు. టిక్కు, టక్కు. అది వినగానే అతడి ముఖం విప్పారేది.

అలా ముప్పై ఆరు కూడాయి. పొద్దున్నే లేచి ముప్పై ఆరు గుండ్లూ ఎత్తడం, మర్నాడు మళ్ళీ ఎత్తడం. ఆ ఇంట్లో ముప్పై ఆరు గంటలు మోగేవి గాని, "అన్నం తిన్నావా?" అని అడిగే గొంతు ఒక్కటీ లేదు. భార్య లేదు, బిడ్డల్లేరు. తోడబుట్టింది ఒక్కతే, అక్క పేరమ్మ. ఆవిడ ఏటికి అవతల లంకపాలెంలో ఉండేది.

ఒకనాడు పడవ నడిపే సూరన్న వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆచారిగారూ, మీ మేనకోడలి పెళ్ళి కుదిరింది. మేనమామ లేకుండా పెళ్ళేమిటి, తప్పకుండా రమ్మనమని అక్కగారు మరీ మరీ చెప్పారు."

"అయిదు రోజుల పెళ్ళాయె. నేనొస్తే వీటి గుండ్లెవరు ఎత్తుతారు సూరన్నా? ఆగిపోవూ?" అన్నాడు విరూపాచారి. ఒక పట్టుచీర మాత్రం పంపి ఊరుకున్నాడు.

ఏడాది తిరిగింది. సూరన్న మళ్ళీ వచ్చాడు.

"అక్కగారికి జ్వరం. మంచం దిగడం లేదు. తమ్ముణ్ణి ఒక్కసారి చూడాలని ఉందంటున్నారు."

విరూపాచారి చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. అంతలో ఒక గడియారం గంట కొట్టింది. దాని వెనకే మరొకటి, దాని వెనకే ఇంకొకటి. అతడు చెప్పులు విడిచాడు.

"మొన్న తెచ్చిన గడియారం ఇంకా కుదురుకోలేదు. పై వారం వస్తానని చెప్పు" అన్నాడు.

పై వారం వెళ్ళలేదు. ఆ పై వారమూ వెళ్ళలేదు.

మూడోసారి వచ్చినప్పుడు సూరన్న తలపాగా తీసి చేత పట్టుకుని నిలబడ్డాడు. విరూపాచారికి అర్థమైంది. చేతిలో గొలుసు వదిలేసి, ఉన్నవాడు ఉన్నట్టే పడవెక్కాడు.

పదమూడు రోజులు లంకపాలెంలో ఉన్నాడు. మేనకోడలు అతణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. తిరుగు ప్రయాణం నాడు మాత్రం, "అమ్మ రోజూ సాయంత్రం రేవు కనపడేలా మంచం వేయించుకునేది మామయ్యా" అంది. అంతకన్నా తిట్టినా బాగుండేదనుకున్నాడు విరూపాచారి.

ఇంటికొచ్చి తలుపు తీస్తే ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. ముప్పై ఆరు గుండ్లూ నేలకు ఆని ఉన్నాయి. ఒక్కొక్క గొలుసే లాగాడు. ఒక్కొక్కటే నడక సాగించింది. ఒక పూట గడిచేసరికి అన్నీ ఏమీ జరగనట్టే కొట్టుకుంటున్నాయి.

"ఇంతేనా! మీరు ఆగితే మళ్ళీ నడుస్తారు. అది తెలిసి తెలిసీ నేను వెళ్ళలేదే!" అని అతడు పీట మీద కూలబడి ఏడ్చాడు.

ఇలా ఉండగా, కోట బురుజు మీది పెద్ద గడియారం ఆగిపోయింది. దాని గంట విని పడవలు పోటు వేళకు రేవు దాటేవి. గంట మోగక రెండు పడవలు ఇసుక మేటలెక్కి విరిగాయి.

ఆ రాజ్యాన్నేలే ఉదయమార్తాండ మహారాజు పనివాళ్ళను పిలిపించాడు. తూర్పు దేశం నుంచి ఒకడు వచ్చి గుండుకు మరో గుండు జోడించి పైకెత్తాడు. గడియారం నడిచింది. "ఇక నూరేళ్ళదాకా దీన్ని ఎవరూ ముట్టనక్కర్లేదు మహారాజా!" అని చెప్పి శాలువా కప్పించుకుని వెళ్ళాడు. మర్నాడే గడియారం ఆగింది.

పడమటి దేశం నుంచి మరొకడు వచ్చి పాత చక్రాలు పీకి కొత్తవి మెరిసేవి పెట్టాడు. "ఇక వెయ్యేళ్ళదాకా ముట్టనక్కర్లేదు!" అన్నాడు. అతడికీ శాలువా దక్కింది. మర్నాడే గడియారం మళ్ళీ ఆగింది.

రాజుకు కోపం వచ్చింది. "ఈసారి వచ్చినవాడు నన్ను మోసగిస్తే దేశం దాటిస్తాను" అని చాటింపు వేయించాడు. ఎవరూ రాలేదు. అప్పుడు మంత్రి విరూపాచారికి కబురు పెట్టాడు.

విరూపాచారి నూట పన్నెండు మెట్లూ ఎక్కి బురుజు పైకి చేరాడు. పెద్ద గుండు నేలకు ఆని ఉంది. గొలుసు మీద చేతులు పట్టే చోట ఇనుము అరిగి నున్నగా ఉంది. పక్కన ఒక చిరిగిన చాప, ఒక మట్టి ముంత.

"ఇక్కడ ఎవరుండేవారు?" అని కావలివాణ్ణి అడిగాడు.

"పోతన్న అని ఒక ముసలాడు ఉండేవాడండీ. నలభై ఏళ్ళ నుంచీ రోజూ పైకెక్కి దిగేవాడు. మొన్న వానల్లో పోయాడు. పైన ఏం చేసేవాడో మేమెవరమూ అడగలేదు."

విరూపాచారి ఆ చాప మీద చాలాసేపు కూర్చున్నాడు. తరవాత కిందికి దిగాడు.

మెట్ల దగ్గర మంత్రి కాచుకుని ఉన్నాడు. కావలివాడి మాటలు అప్పటికే ఆయన చెవిన పడ్డాయి. "ఆచారీ, పోతన్న చోట ఎవరినీ పెట్టలేదని ప్రభువుకు తెలిస్తే నా మీదికొస్తుంది. ఒకసారి నడిపించి, నూరేళ్ళు నడుస్తుందని చెప్పు. సన్మానం చేయించుకుని నీ దారిన పో" అన్నాడు.

విరూపాచారి నేరుగా రాజు ఎదుటికి వెళ్ళి చేతులు జోడించాడు.

"ప్రభూ, ఆ గడియారానికి ఏ జబ్బూ లేదు. దాని గుండు రోజూ ఎత్తే మనిషి చనిపోయాడు. ఆయన ఉన్నాడనీ, పోయాడనీ ఈ కోటలో ఎవరూ గమనించలేదు. ముట్టకుండా నూరేళ్ళు నడిచే గడియారం నేనే కాదు, ఎవరూ చేయలేరు."

"అంటే తప్పు నాదంటావా?" అన్నాడు రాజు.

"ఎవరి తప్పో ఎంచే అర్హత నాకు లేదు ప్రభూ. మా అక్క నా కోసం మంచంలో ఉండి ఎదురుచూసింది. రేపు, ఎల్లుండి అంటూ నేను వెళ్ళలేదు. గడియారమైతే ఆగినా మళ్ళీ నడిపించవచ్చు. ఉన్న నిజం చెప్పినందుకు దేశం దాటమంటే దాటుతాను."

రాజు సింహాసనం దిగాడు. విరూపాచారిని వెంటబెట్టుకుని నూట పన్నెండు మెట్లూ ఎక్కి, ఆ గొలుసు తన చేతులతో లాగాడు. గుండు పైకి లేచింది. రేవంతా వినిపించేలా గంట మోగింది. రాజు చెమట తుడుచుకుంటూ, "ఈ బరువు నలభై ఏళ్ళు ఒక్కడే మోశాడా!" అన్నాడు. ఆ తరవాత విరూపాచారి వైపు తిరిగి, "ఏం కావాలో కోరుకో" అన్నాడు.

"పోతన్న పని ఇప్పించండి ప్రభూ."

"అలాగే. మరి నీ ముప్పై ఆరు గడియారాలో? వాటిని నా సభలో పెట్టిస్తాను."

"సభలో వందమంది ఉంటారు ప్రభూ. వందమంది ఉన్నచోట గుండు ఎత్తేవాడు ఒక్కడూ ఉండడు" అన్నాడు విరూపాచారి.

అతడు వాటిని ముప్పై ఆరు ఇళ్ళకు పంచాడు. ఒకటి మేనకోడలికి, ఒకటి సూరన్నకు, మిగిలినవి అడిగినవాళ్ళకు. గొలుసు ఎలా లాగాలో ప్రతి ఇంట్లోనూ కూర్చుని నేర్పాడు. తన ఇంట్లో గోడల మీద వాటి మచ్చలు మాత్రం మిగిలాయి. కొన్ని సాయంకాలాలు బురుజు మీద నిలబడి, ఏటి అవతలి లంకపాలెం కేసి చూస్తూ ఉండిపోయేవాడు. ఆ బాధ అతణ్ణి వదల్లేదు.

ఒక చలికాలం ఉదయం అతడికి ఒళ్ళు కాలిపోయే జ్వరం వచ్చింది. లేవలేకపోయాడు. గంట మోగలేదు. అర జాము కాకముందే వాకిట్లో అడుగుల చప్పుడైంది. సూరన్న భార్య జావ గిన్నెతో లోపలికొచ్చింది.

"గంట వినపడలేదు అన్నయ్యగారూ, ఒంట్లో బాగోలేదేమోనని పరిగెత్తుకొచ్చాం. మా ఆయన బురుజెక్కాడు" అంది.

ఆ మాట పూర్తికాకముందే పైన గంట మోగింది. విరూపాచారి లేచి కూర్చుని, రెండు చేతులా గిన్నె అందుకున్నాడు.

గడియారమైనా, బంధమైనా దానంతటది నడవదు. రోజూ ఒక చెయ్యి ఎత్తుతుంటేనే నడుస్తుంది.