కన్ను తెరిచే షాట్

వెంకోబ దిగులల్లా ఒక్కటే. పద్దెనిమిది రోజుల పనిని ఒక్క పగటిపూటలో ఎట్లా చూపించాలి?

తోలుబొమ్మల పనిలో వాడిది పదిహేనేళ్ల చెయ్యి. ఆ ఊళ్లో ఇప్పుడు బొమ్మలాడించే వాళ్లూ లేరు, ఆడించమని పిలిచే వాళ్లూ లేరు. అదే మేకతోలు మీద, అవే ఉలులతో, తీగలూ పువ్వులూ చెక్కి రంగులేసి ల్యాంప్‌షేడ్లు చేస్తున్నారు. లోపల బల్బు వెలిగిస్తే గోడల నిండా పువ్వులు పడతాయి. వెంకోబ వేసుకున్న రేకుల షెడ్డులో పదకొండు మంది ఆడవాళ్లు ఆ పని మీదే బతుకుతున్నారు.

బెంగళూరులో ఒక పెద్ద అంగడివాళ్లకు ఆ షేడ్లు నచ్చాయి. మీ పని మీద చిన్న వీడియో తీసి శనివారానికల్లా పంపండి, మా వాళ్లందరికీ చూపించి ఏడాది పొడుగునా మీ దగ్గరే తీసుకుంటాం అన్నారు. ఒక్క షరతు పెట్టారు. బొమ్మకు చివర్న కన్ను తెరిపిస్తారని విన్నాం, ఆ ఘట్టం వీడియోలో ఉండి తీరాలి అన్నారు.

షెడ్డులో పని అప్పటికే అంతంతమాత్రం. ఈ బేరం తప్పిపోతే పదకొండు మందీ పిల్లల్ని ముసలివాళ్లకు అప్పజెప్పి, మునుపటి మాదిరే బెంగళూరులో ఇసుక తట్టలు మోయబోవాల్సిందే. ఆ సంగతి వాళ్లకూ తెలుసు, వెంకోబకూ తెలుసు. వాడికి నాలుగు రోజులుగా అన్నం సయించడం లేదు.

అయినా వాడు చేతులు ముడుచుకుని కూర్చునే రకం కాదు. కెమెరా పట్టే హిమజ అనే అమ్మాయిని అనంతపురం నుంచి శుక్రవారానికి మాట్లాడుకున్నాడు. ఆ పిల్లకు ఆ ఒక్కరోజే ఖాళీ. పెద్ద కాగితం మీద గీతలు కొట్టి నలభై రెండు షాట్లు రాసుకున్నాడు. నానిన తోలు ఒకటి, గీకిన తోలు ఒకటి, ఎండిన తోలు ఒకటి, సగం చెక్కినది ఒకటి, అన్నీ ముందే సిద్ధం చేసి వరసగా పెట్టాడు. ఏ నిమిషానికి ఏ షాటో, ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎప్పుడు నవ్వాలో కూడా రాశాడు. పదకొండు మందికీ ఒకే రంగు చీరలు కట్టించాడు. ఆ కాగితం గోడకంటించి చూసుకుంటే వాడికే ముచ్చటేసింది. ఇంత పకడ్బందీగా ఈ జిల్లాలో ఎవడైనా చేశాడా అనుకున్నాడు. అనుకోడా మరి, వాడి కష్టం అట్లాంటిది.

పదకొండో షాటు కన్ను తెరవడం. తూర్పు కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడేది పదిన్నరకు కాబట్టి దాన్ని ఆ వేళకు పెట్టాడు. దాని కోసం నర్తకి బొమ్మ చేయించాడు. ఒకటి కాదు, మూడు. మూడూ ఒకే అచ్చు. చేతులు, కాళ్లు, నడుము, జడ అన్నీ అయిపోయాయి. కన్ను ఉండాల్సిన చోట మాత్రం తెల్లగా వదిలేశారు.

కన్ను తెరిపించాల్సింది నాగోజీ అయ్యవారు. వెంకోబకు ఉలి పట్టడం నేర్పిన గురువు ఆయనే. ఎనభై దగ్గర పడ్డ మనిషి. ఒకప్పుడు తెర వెనక నిలబడి తెల్లారేదాకా బొమ్మలాడించినవాడు. మాట తక్కువ. ల్యాంప్‌షేడ్లు మొదలుపెట్టినప్పుడు కూడా వద్దనలేదు. "పువ్వులేసుకో, తీగలేసుకో. కళ్లున్న వాటిని మాత్రం బల్బు చుట్టూ కూర్చోబెట్టొద్దు" అన్నాడంతే.

ఆ మూడు బొమ్మలు చూసి మాత్రం ముందురోజు అడిగాడు. "మూడెందుకురా?"

"ఒకటి సరిగ్గా రాకపోతే ఇంకోటి ఉంటుంది కదా అయ్యవారూ. కెమెరా పని అట్లాగే ఉంటుంది."

ఆయన ఇంకేమీ అనలేదు. సరేనన్నాడనుకున్నాడు వెంకోబ.

శుక్రవారం పదిన్నరకు వెలుగు అనుకున్నట్టే పడింది. నాగోజీ అయ్యవారు పీట మీద కూర్చుని, మొదటి బొమ్మను ఒళ్లో పెట్టుకుని, నల్లరంగులో కుంచె ముంచాడు. కాసేపు ఊపిరి బిగబట్టి ఒక్క చుక్క పెట్టాడు. అప్పటిదాకా తోలుముక్కగా ఉన్నది ఒక్కసారిగా మనిషైంది.

హిమజ కెమెరాలో చూసుకుని నొచ్చుకుంది. "వెంకోబగారూ, సరిగ్గా చుక్క పెట్టేటప్పుడు మీ నీడ అడ్డం పడింది. ఇంకోసారి చేయిద్దాం."

దానికేం భాగ్యమని వెంకోబ రెండో బొమ్మ తెచ్చి గురువు ముందు పెట్టాడు. "అయ్యవారూ, దీనికి పెట్టండి."

ఆయన దాని వైపు చూడలేదు. ఒళ్లోని బొమ్మను వెంకోబ వైపు తిప్పాడు.

"దీనికి కన్ను తెరిపించినాను. ఇప్పుడిది ఎవర్ని చూడాల?"

వెంకోబకు అర్థం కాలేదు. "దాన్ని గోడకు తగిలిస్తాను అయ్యవారూ. ఇరవై తొమ్మిదో షాటులో వెనకాల కనిపిస్తుంది."

"కన్ను తెరిచిన బొమ్మ ఒకసారన్నా మనుషుల ముందర ఆడాల. ఆడకుండా గోడకెక్కేది లేదు. నీకు తెలీదా?"

తెలుసు. ఉలి పట్టడం నేర్చుకునే రోజుల్లో విన్నాడు. పదేళ్లుగా పువ్వులూ తీగలే చెక్కుతున్నాడేమో, పువ్వులకు కళ్లుండవు కాబట్టి ఆ మాటతో పని పడలేదు. పూర్తిగా మరిచిపోయాడు. మరిచిపోయినందుకు సిగ్గు వేసింది గానీ, దానికంటే ముందు వాడి చూపు కిటికీలో జరిగిపోతున్న వెలుగు మీదికి పోయింది.

"సాయంత్రం ఆడిద్దాం అయ్యవారూ. ఇప్పుడు టైము లేదు."

"మూడింటికి కళ్లు తెరిపించేదానికి ఉండాది కదరా టైము."

అంతే అన్నాడు. కోపంగా కూడా అనలేదు. లేచి వెళ్లి తలుపులు మూశాడు, కిటికీలు మూశాడు. వెంకోబ అంత మురిపెంగా లెక్కవేసుకున్న వెలుగంతా బయటే ఉండిపోయింది. ఆయన మూలనున్న తెల్లగుడ్డను స్తంభాలకు కట్టి, దాని వెనక దీపం పెట్టి, బొమ్మకు పుల్లలు కట్టుకుని నిలబడ్డాడు. వెంకోబ వద్దనలేకపోయాడు, సరేననీ అనలేకపోయాడు. చేతిలో కాగితంతో గోడకానుకుని నిలబడ్డాడు.

తెర వెనక ఆయన కాళ్ల కింద వేసుకున్న బల్లచెక్క మీద తాళం చప్పుడు మొదలైంది. ఆ చప్పుడుకు నర్తకి తెర మీదికొచ్చింది. ముసలాయన గొంతు మొదట బొంగురుగా పలికి, నాలుగు చరణాలయ్యేసరికి దారిలో పడింది. నర్తకి చెయ్యి తిప్పింది, నడుము వంచింది, జడ విసిరింది. కన్నెత్తి ఎదురుగా ఉన్నవాళ్లను చూసింది.

ఎదురుగా ఉన్నది ఆ పదకొండు మందే. ఎవరూ పిలవకుండానే ఉలులు కింద పెట్టి నేల మీద చేరారు. ఆరేళ్లుగా తోలు చెక్కుతున్నవాళ్లు ఉన్నారు వాళ్లలో. తోలుబొమ్మ ఆడగా చూసినవాళ్లు ఒక్కరూ లేరు. వెంకోబకు ఆ సంగతి అప్పుడే తట్టింది. ఆరేళ్లలో ఒక్కసారి కూడా చూపించాలని తనకు తోచలేదు.

సుంకులమ్మ అనే ఆమె పక్కకు జరిగి మెల్లగా వాడి చొక్కా అంచు లాగింది. "అన్నా, ఆ చెవికమ్మ నేను చెక్కిందే. ఊగుతాంది చూడు. ఊగుతాదని నాకు తెలీదన్నా." ఆమె కళ్లలో నీళ్లున్నాయి.

వెంకోబ తెర మీద ఊగుతున్న చెవికమ్మ వైపు చూశాడు.

ఆట గంటకు పైగా సాగింది. తలుపులు తెరిచేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. హిమజ పాపం ఓపిగ్గానే ఉంది. "కిటికీ వెలుగు పోయినా పర్లేదు, నేను లైటు పెడతాను. ఆ రెండో బొమ్మకు కన్ను పెట్టేస్తే మిగతావి గబగబా లాగించెయ్యొచ్చు" అంది.

నాగోజీ అయ్యవారు చెమట తుడుచుకుంటూ వచ్చి పీట మీద కూర్చోలేదు. కుంచె తీసి వెంకోబ చేతికిచ్చాడు. "నువ్వు తెరిపించు. దీన్ని నువ్వు ఆడించు."

వెంకోబ కుంచె పట్టుకుని రెండో నర్తకి ముందు కూర్చున్నాడు. ఒక్క చుక్క. పెట్టడం వాడికి రాక కాదు, ఆయనకంటే తిన్నగానే పెట్టగలడు. పెడితే వీడియో అవుతుంది, వీడియో అయితే బేరం నిలుస్తుంది, పదకొండు మంది ఊళ్లోనే ఉంటారు. కానీ పెట్టాక దీన్ని ఆడించే చేతులేవి? తన చేతులకు తోలు చెక్కడమే వచ్చు. కుంచె చివర రంగు బరువెక్కి జారబోయింది. వాడు దాన్ని గిన్నె అంచుకు తుడిచేసి లేచాడు.

"కన్ను షాటు లేదు మేడమ్. ఉన్నవాటితోనే చేద్దాం."

"అంగడివాళ్లు అడిగిందే అది కదండీ?"

"నేను చెప్పుకుంటాను. వాళ్లు కావాలంటే ఇక్కడికొచ్చి చూసుకుంటారు. వద్దంటే," అని ఆగిపోయాడు. పదకొండు మందీ వాడినే చూస్తున్నారు. వాళ్ల వైపు తిరిగి, "వద్దంటే ఇంకో అంగడి గడప తొక్కుతాను. మీరు వెళ్లకుండా ఏం చెయ్యాలో అది చేస్తాను. అది మాత్రం నా పూచీ" అన్నాడు.

ముందుగా సుంకులమ్మే అంది. "అయితే అన్నా, ఇంకొకసారి ఆడిస్తారా? ఇందాక చెవికమ్మే చూస్తా కూర్చుంటి, బొమ్మను చూడనే లేదు."

వెంకోబ కాగితం మడిచి కింద పెట్టి గురువు దగ్గరికెళ్లాడు. "అయ్యవారూ, ఓపిక ఉంటే ఇంకొక్కసారి."

నాగోజీ అయ్యవారు నర్తకిని చేతిలోకి తీసుకున్నాడు. ఒక పుల్ల తన దగ్గరుంచుకుని, రెండోది వెంకోబ వైపు చాపాడు.

"తెర ఇవతల ఎంతకాలం నిలబడతావురా. లోపలికి రా."