అద్దం నేల మీద కొత్త అల్లుడు

తనకు భయమంటే ఏమిటో తెలియదని చెప్పుకు తిరిగే దాలినాయుడు, రేవుపట్నంలో పేరుమోసిన నింగిమేడ పక్కనే ఉన్న అత్తవారింటికి కొత్త అల్లుడిగా వచ్చాడు. "నేను తాటిచెట్టెక్కి కునుకు తీసేవాణ్ణి" అని భోజనాల దగ్గర కోతలు కోశాడు. మరదలు చిలకమ్మ ఊరుకుంటుందా? "అయితే బావా, రేపు నింగిమేడ మీద అద్దం నేలపై నడిచి చూపించు!" అంది.

ఆ మేడ చూడటానికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవారు. పైన దుర్భిణులు ఉండేవి. గుండ్రంగా తిరిగే ఫలహారశాల ఉండేది. అన్నిటికన్నా వింత ఆ అద్దం నేల. మనిషి అద్దం మీద నిలబడటమేమిటి, కాళ్ళ కింద పట్నం కనబడటమేమిటి!

అందరికన్నా సంబరపడింది పెళ్ళికూతురి మామ్మ అప్పలనర్సమ్మ. మేడ పైనుంచి తన డాబా ఎలా కనబడుతుందో చూడాలని ఆమెకు ఎన్నాళ్ళ కోరికో. ఇల్లు మేడ మొదట్లోనే ఉండటంతో అద్దం నేలలోంచి తప్ప కనబడదు. గుర్తుపట్టడానికి వీలుగా పొద్దున్నే డాబా మీద ఎర్రచీర పరిచి, దాని మీద గుమ్మడి వడియాలు పెట్టి మరీ బయలుదేరింది. "ఈ మోకాళ్ళతో మళ్ళీ వస్తానో రానో" అంది.

లిఫ్టు రివ్వున పైకి చేరింది. దాలినాయుడు అద్దం అంచున నిలబడి కిందికి చూశాడు. బస్సులు అగ్గిపెట్టెల్లా ఉన్నాయి. అతని పైప్రాణాలు పైనే పోయాయి.

"ఏం బావా, కాళ్ళకు మేకులు కొట్టారా?" అంది చిలకమ్మ.

పరువు పోతుందన్న కంగారులో "అదుగో, అద్దానికి బీట!" అని అరిచేశాడు.

అంతే! జనం కెవ్వుమని వెనక్కి పరుగెత్తారు. కాపలా ఆయన అడ్డంగా తాడు కట్టేశాడు. "పరీక్ష చేసేవాళ్ళు రావాలి. ఇవాళ్టికి ఇంతే" అన్నాడు.

"మా బావ కళ్ళే కళ్ళు!" అని మెచ్చుకుంది చిలకమ్మ. దాలినాయుడు హమ్మయ్య అనుకున్నాడు. అంతలో మామ్మ కనబడింది. తాడు ఇవతల నిలబడి, మెడ సాచి సాచి చూస్తోంది. "పోనీలే, వడియాలైనా ఎండుతాయి" అని నవ్వబోయింది. నవ్వు రాలేదు.

దాలినాయుడు ఆ ముఖం చూడలేకపోయాడు.

"అయ్యా, తాడు విప్పండి. బీటా లేదు, ఏమీ లేదు. నా కాళ్ళు వణికి అలా అనేశాను" అన్నాడు.

చిలకమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. కాపలా ఆయన వంగి అద్దమంతా తడిమి చూసి, "భయమని ముందే చెబితే చెయ్యి పట్టుకుని దాటించేవాణ్ణి కదయ్యా! రోజూ నా పని అదే" అని కేకలేసి తాడు విప్పాడు.

మామ్మ చెయ్యి చాచింది. "నాకూ భయమే నాయనా. రా, ఇద్దరం కలిసి భయపడదాం."

ఇద్దరూ అడుగులో అడుగు వేసుకుంటూ నడిచారు. నడిమికి రాగానే మామ్మ చిన్నపిల్లలా గంతేసింది. "అదుగో నా ఎర్రచీర! అయ్యో, కాకులు! వడియాలన్నీ తినేస్తున్నాయి! హుష్! హుష్!"

అంత ఎత్తునుంచి చేతులూపి కాకుల్ని తోలుతుంటే జనమంతా ఘొల్లున నవ్వారు. దాలినాయుడు కాళ్ళ సంగతే మరిచిపోయి, తనూ వంగి "హుష్! హుష్!" అన్నాడు.

నీతి: భయపడటం తప్పు కాదు. దాన్ని దాచడానికి అబద్ధమాడితే ఎదుటివారి సంతోషం చెడుతుంది. ఒప్పుకుంటే పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరుకుతుంది.