బిగుసుకుపోయిన పాట

యజ్ఞేశ్వరరావు గారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కాకినాడలో ఆయన దగ్గర మృదంగం నేర్చుకున్న వాళ్ళందరికీ ఈ సంగతి తెలుసు. కౌముదికి మాత్రం ఎన్నేళ్ళయినా అలవాటు కాలేదు. ఆమె లెక్కల్లో డిగ్రీ చదివింది. అడిగిందానికి సమాధానం ఉండి తీరాలని ఆమె నమ్మకం.

మృదంగం నేర్చుకుంటూనే ఆమె కంప్యూటర్లో సంగీతం చేయడం తనంతట తానే పట్టేసింది. ఆమె వాడేది శాంపిల్ సీక్వెన్సర్ అనే ప్లగిన్, అంటే సంగీతం చేసే సాఫ్ట్‌వేరుకి తగిలించుకునే చిన్న ప్రోగ్రాము. రికార్డు చేసిన శబ్దాన్ని అది ముక్కలుగా కోస్తుంది. ఆ ముక్కల్ని తెర మీద గళ్ళలో పేర్చుకోవాలి. ఏ గడి మోగాలి, ఏది నత్తిగా మళ్ళీ మళ్ళీ మోగాలి, ఏది మధ్యలోనే గొంతు పట్టేసినట్టు ఆగాలి అన్నది చేసేవాళ్ళ ఇష్టం. గురువుగారి మృదంగాన్నీ, కుక్కరు కూతనూ, దుకాణం షట్టరు చప్పుడునూ కోసి ఆమె ఒక పాట చేసింది. ఒక వరుస ఐదు గళ్ళది, ఇంకోటి ఎనిమిది గళ్ళది. నలభై గళ్ళు దాటితేగాని రెండూ మళ్ళీ కలిసి మొదలవవు. వింటే యంత్రం చెడిపోయిందేమో అనిపించాలి, కాని చెడిపోకూడదు. ఈ రకం సంగీతాన్ని గ్లిచ్ అంటారు.

నాట్యం నేర్పే హైమవతి గారికి ఆదివారం ప్రదర్శన ఉంది. రిహార్సల్లో నచ్చితే కౌముది పాట పెడతానని, నచ్చకపోతే ఎప్పటి తిల్లానాయేనని ఆవిడ ముందే చెప్పారు. ఆ పాటను బయటివాళ్ళు వినబోవడం అదే మొదలు. కౌముదికి దిగులు పట్టుకుంది.

"గురువుగారూ, కావాలని చేసిన తప్పుకీ నిజం తప్పుకీ తేడా ఎలా తెలుస్తుందండీ?" అని అడిగింది.

"రేపు నేనూ వస్తాను. స్పీకరు నేను మోస్తాలే" అన్నారాయన.

మర్నాడు రిహార్సల్ హాల్లో పాట మొదలైంది. కౌముది చేతులు కట్టుకుని ల్యాప్‌టాప్ తెర వంక చూస్తూ నిలబడింది. పాట తెగినట్టు ఆగే మొదటి విరుపు దగ్గరే నాట్యం చేసే పిల్లలు ఆగిపోయారు. "అక్కా, వైరు ఊడినట్టుంది!" అంది లాస్య అనే అమ్మాయి. రెండో విరుపుకి హైమవతి గారే వెళ్ళి ప్లగ్గు నొక్కి చూశారు.

"అది పాటేనండీ" అంది కౌముది.

"ఇది పాటా? మా మిక్సీ కూడా ఇలాగే నత్తి కొడుతోందమ్మా. రిపేరుకిచ్చాను గాని స్టేజీ ఎక్కించలేదు."

పిల్లలు నవ్వారు. ఇంకొక్కసారి వినమని కౌముది బతిమాలింది. ఈసారి పాట సగంలో ల్యాప్‌టాప్ నిజంగానే బిగుసుకుపోయింది. శబ్దం లేదు, బాణం గుర్తు కదలదు. ఆమె కుడిచెయ్యి మీటలు నొక్కుతూనే ఉంది. ఎడమచెయ్యి మాత్రం చిన్నప్పటి అలవాటుగా తొడ మీద తాళం వేస్తూ పోయింది: ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు. ఎదురుగా ఉన్న పిల్లలు కాళ్ళెత్తి అలాగే ఆమె చేతిని చూస్తున్నారు. తెరకి ప్రాణం వచ్చింది. కౌముది పాట మొదలెట్టే మీట వెంటనే నొక్కలేదు. ఎందుకు ఆగిందో ఆమెకే తెలియదు. తాళం తిరిగి మొదటి దెబ్బకి వచ్చినప్పుడు నొక్కింది. మృదంగమూ, పిల్లల గజ్జెలన్నీ ఒక్కసారే పడ్డాయి.

"అదీ!" అన్నారు హైమవతి గారు. "ఆ ఖాళీ ఉంటే ఆదివారం నీ పాటే. లేదా, తిల్లానా."

కౌముది గళ్ళన్నీ వెతికింది. ఆ ఖాళీ ఎక్కడా లేదు. ఉండదు కూడా, ఆమె పెట్టింది కాదు గనక. అది రెండు ఆవర్తనాలు, అంటే తాళం రెండు చుట్లు సాగిందని లెక్క కట్టి, అంతమేర గళ్ళు ఖాళీ చేసి, మీట నొక్కి, చేతులు కట్టుకుని చూసింది. ఖాళీ సరిగ్గా వచ్చింది. పిల్లల కాళ్ళు మాత్రం తలోచోట పడ్డాయి.

"మళ్ళీ ఊడిందా అక్కా?" అంది లాస్య.

హైమవతి గారు ఫోన్లో తిల్లానా వెతకడం మొదలుపెట్టారు. కౌముది మొహం ఎర్రబడింది. "లెక్క అదేనండీ గురువుగారూ! వీసమెత్తు తేడా లేదు. ఇందాకటిది తప్పు, దాన్ని బాగుందన్నారు. ఇది నేను కొలిచి పెట్టింది, దీనికి అందరూ తూలిపడ్డారు. ఇందులో నాది ఏదండీ?"

యజ్ఞేశ్వరరావు గారు హైమవతి గారిని ఒక్క క్షణం ఆగమన్నారు. వచ్చి ల్యాప్‌టాప్ మూత వేశారు. హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. పిల్లలు ఆయన్నీ, కౌముదినీ మార్చి మార్చి చూస్తున్నారు. ఆయన ఏదో చెబుతారని ఆమె ఎదురుచూసింది. చాలాసేపయ్యాక, ఎంతోసేపటి నుంచి పాట సాగుతూనే ఉన్నట్టు, మామూలు గొంతుతో అడిగారు:

"తాళం ఇప్పుడు ఎన్నో దెబ్బ మీద ఉందమ్మాయీ?"