సమాధి లేని నాన్న

అనగనగా, ఇక్కడికి చాలా చాలా ఉత్తరాన, ఫిన్లాండ్ అనే చలి దేశంలో, సముద్రం ఒడ్డున ఒక ఊరు. ఊరంటే పెద్దదేం కాదు. ముప్ఫై చెక్క ఇళ్ళు, ఒక చర్చి, చర్చి పక్కన పైన్ చెట్ల కింద సమాధుల తోట. అంతే.

ఆ ఊరి చివరింట్లో హెల్వి అనే పిల్ల ఉండేది. తొమ్మిదేళ్ళది. వాళ్ళమ్మ పేరు ఇంకెరి, నాన్న పేరు తావెత్తి. హెల్వికి ఒక చెల్లెలు కూడా ఉంది, ఐలా. అప్పుడప్పుడే గోడ పట్టుకుని నడక నేర్చుకుంటోంది.

దుప్పటి మెడ దాకా లాక్కో బంగారూ. ఇది చలి ఊరి కథ.

ఆ ఊళ్ళో వేసవి వచ్చిందంటే పొద్దు గూకడమే మర్చిపోతుంది. భోజనాలై, గిన్నెలు కడిగేసినా పిల్లలు ఇంకా ఎండలో ఆడుకుంటూనే ఉంటారు. అదే చలికాలమైతే, బడికి వెళ్ళేటప్పుడూ చీకటే, బడి నుంచి వచ్చేటప్పుడూ చీకటే. అందుకే వాళ్ళకి దీపమంటే ప్రాణం. ప్రతి కిటికీలోనూ ఒక దీపం పెట్టుకుంటారు.

తావెత్తి చేపలు పట్టేవాడు. పొద్దున్నే పడవ మీద వెళ్ళి, బుట్టెడు చేపలతో తిరిగొచ్చేవాడు. వచ్చి, గుమ్మంలో నిలబడి, ఎవరో పరాయివాడిలా గొంతు మార్చి, "ఈ ఇంట్లో ఎవరైనా ఉన్నారా?" అని అడిగేవాడు. తలుపు వెనక నుంచి హెల్వి, "ఎవరూ లేరు" అనేది. "అయితే ఈ చేపలన్నీ నేనొక్కణ్ణే తినేస్తాను" అనేవాడు తావెత్తి. అప్పుడు హెల్వి పరిగెత్తుకొచ్చి నాన్న కోటు పట్టుకుని వేలాడేది. ఆ కోటు ఎప్పుడూ తడిగా, ఉప్పగా ఉండేది.

ఒక ఏడు నవంబరు నెలలో, సముద్రం గడ్డ కట్టకముందే ఆఖరి వలలు తీసుకొద్దామని తావెత్తి వెళ్ళాడు. మధ్యాహ్నానికి గాలి తిరిగింది. ఆ తర్వాత మంచు తుఫాను పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు.

నాలుగో రోజు ఊళ్ళో మగవాళ్ళంతా పడవలేసుకుని వెతికారు. తావెత్తి పడవ దొరికింది, బోర్లాపడి. మనిషి దొరకలేదు.

అప్పుడు పక్కింటి ఓస్కరి తాత ఇంకెరి దగ్గరికి వచ్చాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఎక్కడా లేడమ్మా ఇంకెరీ" అన్నాడు.

"దొరకలేదంటున్నావు. పోయాడనడం లేదుగా" అంది ఇంకెరి. "ఏ దీవిలోనో తలదాచుకుని ఉంటాడు. వస్తాడు."

ఓస్కరి తాత టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ వారంలోనే సముద్రం గడ్డ కట్టింది.

ఆ తర్వాత క్రిస్మస్ వచ్చింది. ఆ ఊళ్ళో క్రిస్మస్ అంటే ముందురోజే అసలు పండగ. పొద్దున్నే పిట్టల కోసం ఒక కర్రకి ధాన్యపు కంకుల కట్ట కట్టి పెరట్లో నిలబెడతారు. ఆ తర్వాత బియ్యం పాలలో ఉడికించి, పైన దాల్చినచెక్క పొడి చల్లుకుని తింటారు. మన పరమాన్నం లాంటిదే, కాకపోతే బెల్లం ఉండదు. అందులో ఒక్కటంటే ఒక్క బాదం పప్పు వేస్తారు. అది ఎవరి గిన్నెలో వస్తే వాళ్ళకి ఆ ఏడంతా బాగుంటుందని. సాయంత్రం సౌనాలో, అంటే పెరట్లో ఉండే ఆవిరి గదిలో, అందరూ స్నానాలు చేస్తారు.

స్నానాలకి ముందు, పొద్దు వాలగానే, ఇంటిల్లిపాదీ సమాధుల తోటకి వెళ్తారు. ఎవరి తాతకి వాళ్ళు, ఎవరి బామ్మకి వాళ్ళు, మంచు తవ్వి ఒక కొవ్వొత్తి వెలిగిస్తారు. తెల్లటి మంచులో వందల దీపాలు. ఎవరూ గట్టిగా మాట్లాడరు.

ఆ తోటలో ఒక మూల ఒక పెద్ద రాయి ఉంది. దాని మీద పేర్లు లేవు. సముద్రంలో పోయినవాళ్ళకి, పరాయిదేశంలో పోయినవాళ్ళకి, సమాధులు లేని వాళ్ళందరికీ కలిపి అదొక్కటే రాయి. దాని ముందు కూడా దీపాలు పెడతారు.

ఆ మొదటి క్రిస్మస్ నాడు హెల్వి కిటికీలోంచి చూస్తూ నిలబడింది. ఊరంతా కొవ్వొత్తులు పట్టుకుని వెళ్తున్నారు.

"మనం వెళ్ళొద్దా అమ్మా?" అని అడిగింది.

"అక్కడ మనవాళ్ళు ఎవరున్నారని?" అంది ఇంకెరి.

ఆ రోజు ఇంకెరి బల్ల మీద నాలుగు గిన్నెలు పెట్టింది. నాలుగో గిన్నెలో పాలన్నం చల్లారిపోయింది. స్నానాలయ్యాక సౌనాలో ఇంకో నాలుగు కట్టెలు వేసి వచ్చింది, వచ్చేవాడికి వెచ్చగా ఉండాలని. హెల్వి అదంతా చూసింది.

ఆ తర్వాత వేసవి వచ్చింది. జూన్ నెలలో, పొద్దు బాగా పొడుగ్గా ఉండే రోజున ఊరంతా ఒడ్డున పెద్ద మంట వేస్తారు. పాటలు పాడతారు, గుమ్మాలకి లేత కొమ్మలు కట్టుకుంటారు. అందరూ మంట వైపు తిరిగి కూర్చున్నారు. ఇంకెరి ఒక్కతే మంటకి వీపు పెట్టి, నీళ్ళ వైపు చూస్తూ కూర్చుంది.

ఐలాకి మాటలు వచ్చాయి. రోజూ నిద్రపుచ్చేటప్పుడు ఇంకెరి ఆ పిల్లకి చెప్పేది. "నాన్న వస్తాడు. పెద్ద కోటు వేసుకుని, గడ్డం నిండా మంచుతో వస్తాడు. గుమ్మంలో నిలబడి, ఈ ఇంట్లో ఎవరైనా ఉన్నారా, అంటాడు. అప్పుడు నువ్వు పరిగెత్తుకుని వెళ్ళాలి." పక్కన పడుకున్న హెల్వి గోడ వైపు తిరిగిపోయేది.

ఆ తర్వాత రెండో క్రిస్మస్ వచ్చింది. హెల్వికి పదేళ్ళు. ఈసారి అమ్మని అడగలేదు. కట్టెలు తెస్తానని చెప్పి, అరలోంచి ఒక కొవ్వొత్తి తీసి కోటులో దాచుకుని, ఒక్కతే సమాధుల తోటకి వెళ్ళింది. పేర్లు లేని రాయి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, మంచులో గుంట చేసి, కొవ్వొత్తి వెలిగించింది. "ఇది నీకు నాన్నా" అంది.

అప్పుడు వెనక అడుగుల చప్పుడైంది. ఇంకెరి. అరలో కొవ్వొత్తి లేకపోవడం చూసి, శాలువా కూడా కప్పుకోకుండా వచ్చేసింది. అందరూ చూస్తుండగా వంగి, ఉత్త వేళ్ళతో వత్తి నలిపి ఆర్పేసింది.

"నా మనిషిని నువ్వు పాతిపెడతావా?" అంది.

"అందరి నాన్నలకీ దీపం ఉంది" అంది హెల్వి. "మా నాన్నకే లేదు."

ఇంకెరి కొవ్వొత్తి పీకి తీసుకుని ఇంటి దారి పట్టింది. ఆమె చూపుడువేలు కాలి బొబ్బ కట్టింది. హెల్వి అది చూసి కూడా మందు రాస్తానని అనలేదు. ఇద్దరూ వసంతం వచ్చేదాకా సరిగ్గా మాట్లాడుకోలేదు. పాలు తెచ్చావా, తెచ్చాను. పొయ్యి ఆరిందా, ఆరింది. అంతే మాటలు.

అమ్మకి పిచ్చి పట్టిందని హెల్వి అనుకుంది. అమ్మ మీద కోపంగా ఉండటం, నాన్న లేడని ఏడవటం కంటే తేలిగ్గా ఉండేది ఆ పిల్లకి. అందుకని కోపాన్నే పట్టుకుని ఉంది.

నిద్రొస్తోందా? ఇంకొంచెమే ఉంది.

ఆ తర్వాత మూడో క్రిస్మస్ వచ్చింది. ఐలాకి మూడేళ్ళు నిండాయి.

ఆ ఊళ్ళో ఇంకో ఆచారం ఉంది. క్రిస్మస్ తాత అటక మీద నుంచో పొగగొట్టంలోంచో రాడు. మనిషిలాగా తలుపు కొట్టి, లోపలికి వచ్చి, పిల్లలకి బహుమతులు ఇచ్చి వెళ్తాడు. ఆ ఊళ్ళో ప్రతి ఏడూ ఆ వేషం ఓస్కరి తాతదే. గొర్రెచర్మం కోటు లోపలి బొచ్చు పైకి వచ్చేలా తిరగేసి తొడుక్కుని, అవిసెనారతో గడ్డం కట్టుకునేవాడు. రెండేళ్ళు ఇంకెరి గుమ్మం తొక్కడానికి ఆయనకి కాళ్ళు రాలేదు. ఈ ఏడు మాత్రం, చిన్నది పెద్దదవుతోంది, ఆ పిల్ల చేసిన పాపమేముంది, అనుకున్నాడు. చెక్కతో చెక్కిన చిన్న గుర్రాన్ని సంచిలో వేసుకుని, ఊరి చివరిల్లు కాబట్టి ముందు అక్కడికే బయల్దేరాడు.

మధ్యాహ్నం రెండైంది. అప్పటికే పొద్దు వాలిపోతోంది. ఇంకెరి బల్ల మీద గిన్నెలు సర్దుతోంది. తలుపు చప్పుడైంది.

హెల్వి తలుపు తీసింది. గుమ్మంలో పెద్ద కోటు వేసుకున్న మనిషి. గడ్డం నిండా మంచు. ఆయన గొంతు మార్చి, ఆచారం ప్రకారం అడిగాడు.

"ఈ ఇంట్లో మంచి పిల్లలు ఎవరైనా ఉన్నారా?"

ఐలా చేతిలో చెంచా కింద పడేసింది. ఒక్క పరుగున వెళ్ళి ఆయన కాళ్ళని వాటేసుకుంది.

"నాన్నా" అంది. "వచ్చావా నాన్నా? నేను పరిగెత్తుకొచ్చాను. అమ్మ చెప్పినట్టే పరిగెత్తుకొచ్చాను."

ఓస్కరి తాతకి చేతులు ఎక్కడ పెట్టాలో తెలియలేదు. సంచి జారిపోయింది. ఆయన ఇంకెరి వైపు చూశాడు. ఇంకెరి కదల్లేదు.

ఆ తర్వాత ఆయన మెల్లగా వంగి, గడ్డం ఊడదీసి, "నేను తల్లీ, పక్కింటి ఓస్కరి తాతని" అన్నాడు.

ఐలా ఆయన మొహం చూసింది. ఏడవలేదు. అమ్మ వైపు తిరిగింది.

"మరి నాన్న ఎప్పుడొస్తాడు?"

వస్తాడు, అని ఇంకెరి రోజూ చెప్పే మాటే. రెండేళ్ళుగా నోటికి అలవాటైన మాటే. ఆ రోజు నోరు తెరిచింది గానీ ఆ మాట రాలేదు. హెల్వి అమ్మనే చూస్తోంది.

"రాడు" అంది ఇంకెరి.

అప్పుడు ఆమె అక్కడే, నేల మీద కూర్చుండిపోయింది. ఐలా వెళ్ళి ఒళ్ళో కూర్చుంది. ఓస్కరి తాత తలుపు మూసి, చలి లోపలికి రాకుండా దానికి ఆనుకుని నిలబడ్డాడు. పొయ్యిలో కట్టె ఒకటి విరిగి పడిన చప్పుడు మాత్రం వినిపించింది.

ఆ తర్వాత ఇంకెరి లేచింది. పిల్లలిద్దరికీ కోట్లు తొడిగింది, చేతులకి ఉన్ని తొడుగులు వేసింది. అరలోంచి ఒక కొవ్వొత్తి తీసుకుంది. "తాతా, నువ్వూ రా" అంది.

నలుగురూ మంచులో నడిచి సమాధుల తోటకి వెళ్ళారు. జనం పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. పేర్లు లేని రాయి ముందు ఇంకెరి గుంట తవ్వి, కొవ్వొత్తి నిలబెట్టింది. అగ్గిపెట్టె హెల్వి చేతికి ఇచ్చింది.

"ఆ రోజు నువ్వు చేసిందే సరి" అంది. "నువ్వే వెలిగించు."

హెల్వి పుల్ల తీసింది. పెట్టెకి ఆనించింది. గియ్యలేకపోయింది. అమ్మతో పోట్లాడింది ఈ దీపం కోసమే కదా, ఇప్పుడు చెయ్యి రాలేదు. అమ్మ గిన్నె పెట్టినన్నాళ్ళు, అమ్మ సౌనాలో కట్టెలు వేసినన్నాళ్ళు, ఎక్కడో మనసులో అట్టడుగున తనూ కాచుకునే ఉందని ఆ పిల్లకి అప్పుడే తెలిసింది. ఆ ఆశని అమ్మ ఒక్కతే మోస్తోందనుకుంది. ఇద్దరూ మోశారు.

"నాకొద్దమ్మా" అంది. "వెలిగిస్తే ఇంక రాడు."

ఇంకెరి కూతురి పక్కన మంచులో కూర్చుంది. పుల్ల పట్టుకున్న చేతి మీద తన చెయ్యి వేసింది. ఇద్దరూ కలిసి గీశారు. దీపం వెలిగింది.

"అమ్మా, నాన్నకి చలేస్తోందా?" అని అడిగింది ఐలా.

"లేదమ్మా" అంది ఇంకెరి. "ఇంక నాన్నకి చలెయ్యదు."

అప్పుడు హెల్వి ఏడ్చింది. తొమ్మిదేళ్ళప్పుడు ఏడవాల్సిందంతా అక్కడ ఏడ్చింది. ఇంకెరి కూడా ఏడ్చింది, మూడు చలికాలాల్లో మొదటిసారి, చుట్టూ అందరూ ఉన్నారని కూడా చూసుకోకుండా. ఓస్కరి తాత ఐలాని ఎత్తుకుని, గొర్రెచర్మం కోటులో దూర్చుకుని నిలబడ్డాడు.

ఆ తర్వాత ఇంటికి తిరిగి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఇంకెరి మాట్లాడుతూనే ఉంది. తావెత్తిని తను మొదట ఎక్కడ చూసింది, అతనికి ఈల వెయ్యడం రాకపోయినా ఎలా వేసేవాడు, పెళ్ళిలో ఎవరి బూట్లు అరువు తెచ్చుకున్నాడు, అన్నీ. హెల్వి అవేవీ అంతకుముందు వినలేదు. వచ్చేవాడి గురించి ఎవరూ అలా చెప్పరు కదా మరి. అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని, మంచులో మెల్లగా నడుస్తూ, ఆ పిల్ల ఒక్క మాట కూడా పోనివ్వకుండా వింది.

మంచు ఊరు మంచుకే,
కంచి కథ కంచికే,
చేయి చేయి పట్టుకుని
మనమూ మన ఇంటికే.

కళ్ళు మూసుకో బంగారూ. నేనిక్కడే ఉన్నాను.