గంట పొట్టేలు

నలుగురు వెనక నడిస్తే చాలు, మెడ నిక్కుతుంది నీకు. కాస్త దించి ఈ సంగతి విను.

నల్లమల దిగువన ఒక శైవమఠం. ఏటా శివరాత్రికి మఠం వాళ్ళు అడవి దారిన శ్రీశైలం నడిచిపోతారు. అందరికీ ముందు నడిచేవాడి చేతికి స్వామి తన బెత్తం ఇస్తాడు. ఆ ఏడు బెత్తం తనదేనని శిష్యుల్లో ఒకడైన చెన్నవీరుడి ధీమా.

ధీమాకు కారణం ఉంది. అటుగా వచ్చి మజిలీ చేసిన సర్వే దొర, కుర్ర శిష్యులంతా ఇతని వెంట నడవడం చూసి "బెల్‌వెదర్" అన్నాడు. బెల్ అంటే గంట అని చెన్నవీరుడికి తెలుసు. తక్కినదంతా బిరుదే అనుకున్నాడు. ఆనాటి నుంచి చీపురు పట్టలేదు. తన నీళ్ళ కావడి తెచ్చి, మోకాలి నొప్పితో కుంటే తోటి శిష్యుడు రాచప్ప భుజాన పెట్టాడు.

"బిరుదు నీకు, బరువు నాకా అప్పా?" అని నవ్వి మోశాడు రాచప్ప.

పండగ దగ్గరపడింది. చెన్నవీరుడు స్వామి ఎదుట నిలబడ్డాడు.

"బెత్తం నాకిప్పించండి స్వామీ. దొరంతటివాడు నన్ను బెల్‌వెదర్ అన్నాడు."

స్వామి సన్యసించక ముందు దొరల గొర్రెల ఫారంలో పనిచేసినవాడు. అతణ్ణి మఠం మంద దగ్గరికి తీసుకుపోయాడు. మెడలో గంటతో ఒక పొట్టేలు ముందు నడుస్తోంది. మందంతా దాని వెనకే.

"దొర అన్న బెల్‌వెదర్ ఇదే."

చెన్నవీరుడి ఛాతీ ఇంకాస్త ఉబ్బింది. "ఎంత ఠీవి స్వామీ."

"దాని వెనక్కి పోయి వంగి చూడు."

వంగి చూశాడు. విత్తులు కొట్టిన పొట్టేలు. లేచేసరికి ముఖం కందిపోయింది.

"కొట్టకుంటే ఏం చేస్తుంది?" అడిగాడు స్వామి.

"పక్కవాటిని కుమ్ముతుంది స్వామీ."

"అందుకే ముందు అవి కొట్టి, తర్వాత గంట కడతారు." స్వామి పొట్టేలు మెడలో గంట విప్పి అతని చేతిలో పెట్టాడు. "దొర నీకు కొట్టకముందే గంట కట్టేశాడు."

బెత్తం రాచప్ప చేతికి పోయింది. అతని కుంటినడకను ముసలివాళ్ళు కూడా అందుకోగలిగారు. ఎవరూ అడవిలో వెనకబడలేదు.

అందరికన్నా చివర, రాచప్ప మూట నెత్తిన పెట్టుకుని, మెడలో గంటతో చెన్నవీరుడు నడిచాడు. ఆ ఏడే కాదు, స్వామి బతికున్నంత కాలం. బెత్తం అతని చేతికి ఎన్నడూ రాలేదు.